పీపా తనంతట తనే తాగిన రోజు

ఆ కేంద్రంలో అందరూ ఆయన్ని పొగబాబాయి అంటారు. అలాగని ఆయనేమీ బీడీలు, చుట్టలు కాల్చే మనిషి కాదు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క దమ్ము లాగి ఎరగడు. పేరంతా పని వల్ల వచ్చింది. ఆయన పోసేది నైట్రోజన్. చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది, కేను కాస్త వంచితే చాలు తెల్లటి పొగ నేలమీదికి దిగి కాళ్ల చుట్టూ పాకుతుంది. మోచేతులదాకా తొడుగులు, ముఖానికి అద్దంరేకు పెట్టుకుని ఆ పొగలోంచి ఆయన నడిచొస్తుంటే కొత్తవాళ్లు జడుసుకుంటారు. పాతవాళ్లు, "అదిగో, బాబాయి మబ్బులోంచి దిగాడు" అంటారు.

ఆ కేంద్రంలో దాచేది మేలుజాతి ఆబోతుల వీర్యం. పెన్ను రీఫిల్ అంత సన్నటి గొట్టాల్లో నింపి, పెద్ద కేన్లలో, నైట్రోజన్ చలిలో ముంచి ఉంచుతారు. ఆవు ఎదకొచ్చిందని రైతు కబురు చేస్తే, పశువుల డాక్టరు ఒక గొట్టం పట్టుకుని బయల్దేరుతాడు. ఎప్పుడో చచ్చిపోయిన ఆబోతుకి కూడా ఏటా దూడలు పుడుతూనే ఉంటాయి. "గడప దాటకుండా సంసారం చేసేది మా ఆబోతులొక్కటే" అని గేటు దగ్గర కాపలా ఆయన వచ్చినవాళ్లందరికీ చెబుతాడు.

అయితే ఆ చలి ఒక్క పూట తగ్గినా గొట్టాల్లోది చచ్చిపోతుంది. చచ్చిన సంగతి చూస్తే తెలియదు. ఆవు చూడి కట్టక, మళ్లీ అరిచినప్పుడు తెలుస్తుంది. అప్పటికి రైతుకి మూడు వారాల పాడి పోయినట్టే. నైట్రోజన్ ఏమో ఉన్నచోట ఉండే రకం కాదు. ఎంత మూత పెట్టినా ఆవిరైపోతూనే ఉంటుంది. అందుకని పొగబాబాయి పోస్తూనే ఉండాలి. జ్వరమొచ్చినా పోయాలి, సెలవొచ్చినా పోయాలి. ఒకసారి కాపలా ఆయనకి నేర్పి, అప్పజెప్పి ఊరెళ్లాడు. దారి మధ్యలో ఫోను చేస్తే, "మూత తియ్యడానికి భయమేసింది బాబాయ్, నువ్వొచ్చాక చూద్దాంలే అని ఆగాను" అన్నాడు. పొగబాబాయి ఎదురొచ్చిన బస్సెక్కి తిరిగొచ్చేశాడు. వాళ్లు ముందెక్కిన బస్సులోంచి ఆయన భార్య మాత్రం దిగలేదు. తన అక్క ఇంటికి ఒంటరిగానే వెళ్లింది.

ఆమె దర్జీ దుకాణంలో కాజాలు కుట్టి గుండీలు వేసే మనిషి. నోరు సూదికన్నా పదును. నైట్రోజన్ గదిని ఆమె ఎప్పుడూ చూడలేదు గానీ, దానికి ఇంట్లో పేరు మాత్రం పెట్టేసింది.

"మా సవతి ఎలా ఉంది ఇవాళ? కడుపునిండా తాగిందా?"

"తాగింది."

"నేను అన్నం తిన్నానో లేదో ఎప్పుడైనా అడిగావా అలాగ?"

"నువ్వు ఆవిరైపోవు కదే" అన్నాడు ఒకసారి. ఆ మాటకి రెండు రోజులు పలకలేదు.

తల్లి పోయాక ఆమెని పెంచింది ఆ అక్కే. ఇప్పుడు కొండమీది ఊళ్లో ఉంటోంది. మోకాళ్లు అరిగిపోయి మెట్లు దిగలేదు. "మీ ఆయన్ని తీసుకునిరా, కలిసి నాలుగు రోజులుండండి. నువ్వొక్కదానివే వస్తే, కుర్చీలో కూచున్నా నీ చూపు గడియారం మీదే ఉంటుంది, ఇంట్లో ఆయనకి ఎవరు పెడతారా అని. అలాంటి రాక నాకొద్దు" అంటుంది ప్రతిసారీ ఫోనులో. వానలు దిగాయంటే ఆ కొండదారి మూసేస్తారు. ఇక మళ్లీ చలికాలమే. వానలేమో ఇదిగో అదిగో అంటున్నాయి.

సరిగ్గా అప్పుడే కేంద్రానికి కొత్త పీపా వచ్చింది.

నడుమెత్తు స్టీలు పీపా. పెద్దమనిషి రెండు చేతులా వాటేసుకున్నా అందనంత లావు. వెనకనుంచి ఒక గొట్టం గోడలోంచి బయటున్న పెద్ద ట్యాంకుకి పోతుంది. పైన చిన్న తెర ఉన్న డబ్బా. నైట్రోజన్ తగ్గితే తనే వాల్వు తెరుచుకుని నింపుకుంటుందట, నిండాక తనే మూసుకుంటుందట. కేంద్రం నడిపే పెద్దసారు గట్టిగా చెప్పాడు. "ఇది తనంతట తను నింపుకోవడం నేను కళ్లారా చూడాలి. చూశాక పాత కేన్లలోని సరుకంతా ఇందులోకి మార్చేద్దాం. అప్పుడు బాబాయ్, నువ్వు ఎక్కడికెళ్తావో వెళ్లు, ఎన్నాళ్లుంటావో ఉండు."

ఆ మాట ఇంట్లో చెప్పగానే భార్య అటకమీది పెట్టె దించి దుమ్ము దులిపింది.

పీపాని సరిచేయడానికి కంపెనీనుంచి ఒక మెకానిక్ వచ్చింది. నలభై ఏళ్ల మనిషి, జేబునిండా స్క్రూడ్రైవర్లు, నవ్వితే గదంతా వినబడుతుంది. వచ్చీరాగానే కిటికీలన్నీ తెరిపించి, ఫ్యాను వేయించింది. నైట్రోజన్ ఆవిరి గదిలో నిండితే మనిషికి ఊపిరాడదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తర్వాత చలి కొలిచే తీగలు రెండింటినీ ఐసుముక్కల నీళ్లలో ముంచింది. తెర మీద సున్నా పడింది. నైట్రోజన్‌లో ముంచింది. తెర మీద మైనస్ నూట తొంభై ఆరు పడింది.

"రెండూ నిజమే చెబుతున్నాయి బాబాయ్" అని వాటిని పీపా లోపల పైన వేలాడదీసింది. "పైన కాస్త వేడెక్కినా ఇవి పట్టేస్తాయి. వెంటనే కూత పెడుతుంది. సారు ఫోనుకీ మీ ఫోనుకీ కబురొస్తుంది. ఇక లోపల మట్టం సంగతి చూద్దాం. కింది గీత ఎక్కడ పెట్టమంటారు? మట్టం అక్కడికి దిగితే వాల్వు తెరుచుకోవాలి."

"బెత్తెడు కన్నా తగ్గనివ్వకూడదమ్మా."

"మీ బెత్తెడా, నా బెత్తెడా?"

పొగబాబాయి తన చెయ్యి చూపించాడు. మెకానిక్ టేపు పెట్టి కొలిచి, ఆ లెక్క డబ్బాలో నొక్కింది. "పై గీత?"

"జానెడు చాలు."

అదీ కొలిచి నొక్కింది. తెర మీది లెక్క నిజమో కాదో తేల్చడానికి ఆయన కర్ర అడిగింది. ఆయన దగ్గర ఒక సన్నటి చెక్కబద్ద ఉంది. దాన్ని నిలువునా ముంచి, ఆగి, బయటికి తీసి గాల్లో ఊపితే, తడిసినంత మేరా తెల్లగా మంచు పడుతుంది. ఆ మంచు ఎంత పొడుగో లోపల నైట్రోజన్ అంత లోతు. తెర మీది లెక్క కర్రకన్నా బొటనవేలి మందం తక్కువ చూపించింది. ఆమె సరిచేసింది. బొత్తాం నొక్కి పై గీతదాకా నింపి చూసింది. బాగానే నిండింది.

"అయిపోయింది బాబాయ్. ఇంక దీని పని ఇదే చూసుకుంటుంది. మీకు శ్రమ లేదు. రెండు మూడు రోజుల్లో కింది గీతకి దిగుతుంది, అప్పుడు చూద్దాం" అని చెప్పి లాడ్జికి వెళ్లిపోయింది.

మీకు శ్రమ లేదు అన్న మాట పొగబాబాయి విన్నాడు. మర్యాదకి అన్నదనుకున్నాడు. ఇంటికొచ్చిన చుట్టం అన్నం వడ్డిస్తుంటే చాలు చాలు అంటుంది, అన్నదని మనం గరిటె పక్కన పెట్టేస్తామా? పైగా పెద్దసారు చూడబోతున్నాడు. పరీక్షలో ఉన్న పీపా వెలితిగా కనబడితే బాగుంటుందా? ఆయన జీవితంలో మట్టం తగ్గడం అంటే తప్పు జరగడమే. అందుకని పొద్దున్నే అందరికన్నా ముందొచ్చి, పాత కేన్లన్నిటికీ పోసినట్టే కొత్త పీపాకీ జానెడు నిండేదాకా పోశాడు. మర్నాడూ పోశాడు. ఆ మర్నాడూ పోశాడు. కొత్తపిల్ల కదా, అత్తారింట్లో మొహమాటపడుతుందేమో అన్నట్టు, ఒకటికి రెండుసార్లు కర్ర ముంచి చూసి మరీ పోశాడు.

మెకానిక్ రోజూ వచ్చి తెర చూసేది. మొదటిరోజు ఏమీ అనలేదు. తర్వాత నుదురు చిట్లించింది. మూడోనాటికి నడుంమీద చెయ్యేసుకుని నిలబడిపోయింది.

"అంకె కదలదేంటి? మట్టం కొలిచే గొట్టంలో మంచు అడ్డుపడిందా?"

గొట్టం విప్పింది, ఊదింది, మళ్లీ బిగించింది. అంకె అదే. కర్ర ముంచమంది. పొగబాబాయి ముంచి ఊపి చూపించాడు. కర్ర కూడా తెర మాటే చెప్పింది. జానెడు.

"కర్ర కూడా ఇదే అంటోందేంటి! మూతపెట్టిన పీపా అయినా రోజుకి కాస్తయినా తగ్గాలే! నేను తెచ్చింది ఫ్రీజరా, అక్షయపాత్రా?" అంది తల పట్టుకుని.

పెద్దసారు వచ్చాడు. ఆయన సన్నగా పొడుగ్గా ఉంటాడు, అనుమానం వస్తే ఇంకా పొడుగ్గా అవుతాడు. అంతా విని పెదవి విరిచాడు. "తగ్గిందో లేదో చెప్పలేని దాంట్లో నేను సరుకు పెట్టను. పార్టు మార్చండి."

"పార్టు రావాలంటే టైం పడుతుంది సార్. నెల దాటొచ్చు."

"దాటనివ్వండి. అంతదాకా పాత కేన్లే. బాబాయి ఉన్నాడుగా."

బాబాయి ఉన్నాడు. గోడకానుకుని నిలబడి ఉన్నాడు. నెల అనగానే ఆయనకి కళ్లముందు కనబడింది ఇంట్లో మంచం పక్కన మూత తెరిచి పెట్టిన పెట్టె, అందులో మడతపెట్టిన తన రెండు చొక్కాలు. ఇంటికెళ్లి ఏం చెప్పాలి? ఏదో ఒకటి చేసి ఈ పీపాకి మంచిపేరు తేవాలనిపించింది.

"పీపాకేం లోపం లేదు సార్" అన్నాడు ముందుకొచ్చి. "తగ్గలేదని దాన్ని అనుమానించడం ఎందుకు? తగ్గితే కదా అనాలి! ఒక్కపూట తగ్గనివ్వలేదు నేను. పొద్దున్నే వచ్చి పోస్తూనే ఉన్నాను."

మెకానిక్ తెరమీంచి చూపు తిప్పి ఆయన వైపు చూసింది.

"ఏం పోస్తున్నారు?" అంది మెకానిక్ మెల్లగా.

"నైట్రోజనే. ఇంకేం పోస్తానమ్మా?"

"దేంట్లో?"

"దీంట్లోనే" అని పీపాని తట్టి చూపించాడు, పాలు తాగిన దూడని తట్టినట్టు.

మెకానిక్ స్టూలు మీద కూలబడింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. గదంతా, వరండా అంతా వినబడింది. "బాబాయ్! పరీక్ష రాసే పిల్లాడి పక్కన కూచుని జవాబులన్నీ మీరే రాసేస్తే, వాడికి చదువొచ్చో రాదో మాకెలా తెలుస్తుంది?"

పెద్దసారు మాత్రం నవ్వలేదు. "ఎవరు పొయ్యమన్నారు?" అన్నాడు.

పొగబాబాయి ముఖం చిన్నబోయింది. "ఎవరూ అనలేదు సార్. ఎవరూ పొయ్యొద్దని కూడా అనలేదు."

"అది నిజమే సార్" అంది మెకానిక్ కళ్లు తుడుచుకుంటూ. "శ్రమ లేదన్నాను గానీ ముట్టుకోవద్దని నేనూ చెప్పలేదు. తప్పులో సగం నాది. గొట్టం విప్పి ఊదాను గానీ ఈయన్ని ఒక్కమాట అడగలేదు." తర్వాత ఆలోచించి, "పార్టు అక్కర్లేదు. మట్టం తనంతట తనే దిగాలి, అంతే. కింది గీతని కాస్త పైకి జరుపుతాను, రేపు సాయంత్రానికల్లా అక్కడికి దిగుతుంది. వాల్వు తెరుచుకుందా, సరే. లేదంటే నిజంగానే పార్టు మార్చాలి. ఒకే ఒక్క షరతు. ఈయన కేను ముట్టుకోకూడదు."

ఆ రాత్రి ఇంట్లో ఈ కథంతా విని భార్య పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, చప్పున ఆపేసింది.

"రేపు నువ్వు ఊరుకోగలవా?"

"ఊరుకుంటాను."

"నీ మొహం. మన పిల్లాడికి పదేళ్లొచ్చేదాకా అన్నం కలిపి ముద్దలు పెట్టిన మనిషివి నువ్వు. రేపు మధ్యాహ్నం నేనొస్తాను."

అన్నట్టే మర్నాడు దుకాణంలో ఒక పూట సెలవు పెట్టి, అన్నం డబ్బా పట్టుకుని వచ్చింది. కాపలా ఆయన గేటు తీస్తూ, "ఏం వదినా, సవతిని చూడ్డానికా?" అన్నాడు. ఆ మాట ఊరంతా పాకినట్టుంది.

గదిలోకొచ్చి పీపాని ఎగాదిగా చూసింది. "ఇదా! ఎంత లావుందో! మరి తాగకేం చేస్తుంది?"

గోడవారన బెంచీ మీద ఇద్దరూ కూచున్నారు. డబ్బాలో అన్నం తిన్నారు. మెకానిక్ స్టూలు మీద, తెరకెదురుగా. అంకె దిగుతోంది. చీమ నడిచినట్టు దిగుతోంది. పొగబాబాయికి ఏం చేయాలో తోచలేదు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు, మోకాళ్ల మీద పెట్టుకున్నాడు, చంకల్లో పెట్టుకున్నాడు. మట్టం తగ్గుతుంటే కళ్లప్పగించి చూడటం ఆయన ఎప్పుడూ చేయని పని. పిల్లాడు మొదటిసారి సైకిలు తొక్కుతుంటే వెనక పట్టుకున్న చెయ్యి వదిలేశాక ఎలా ఉంటుందో అలా ఉంది. గది మూలనున్న కేను ఆయన్ని చూస్తోంది. ఆయన కేనుని చూస్తున్నాడు.

లేచాడు.

"ఎక్కడికి?" అంది భార్య.

"మంచినీళ్లు."

"చెంబు ఇక్కడే ఉంది. తాగి కూచో."

తాగి కూచున్నాడు. ఆమె వెళ్లి ఆ కేనుమీద తన సంచి పెట్టి, సంచిమీద గొడుగు పెట్టి, తిరిగొచ్చి ఆయన చెయ్యి లాక్కుని తన చేతిలో పెట్టుకుంది. చలికీ తొడుగులకీ మొరటెక్కిన చెయ్యి. సూదిపోట్లతో గరుకెక్కిన చెయ్యి. పరాయి మనిషి ముందు ఇదేంటని ఆయన నసిగాడు గానీ లాక్కోలేదు. మెకానిక్ తెరమీంచి చూపు తిప్పకుండా, "నేనేం చూడ్డం లేదు పిన్నీ" అంది.

ఎండ కిటికీలోంచి పక్కకి వాలింది. పెద్దసారు రెండుసార్లు తొంగిచూసి పోయాడు. అంకె కొత్త కింది గీతని తాకింది.

ఏమీ కాలేదు.

పొగబాబాయి మళ్లీ మూలనున్న కేను వైపు చూశాడు. భార్య చెయ్యి బిగించింది. నిజంగానే పార్టు మార్చాలేమో, నెల రోజులేమో, ఇక చలికాలమేనేమో.

టక్.

కిటికీ బయట బుస్సుమని చప్పుడైంది. పొగబాబాయి ఎగిరి నిలబడ్డాడు. "కారిపోతోంది! బయటికి కారిపోతోంది!"

"కూచోండి బాబాయ్, కారడం కాదు. ఎండలో ఉన్న కుళాయి తిప్పితే ముందు వేడినీళ్లు రావూ? అవి పారబోసి చల్లనివి పట్టుకోమూ? గొట్టంలో ఇందాకట్నుంచి వేడెక్కిన గాలి ఉంది. దాన్ని ముందు బయటికి వదిలేస్తుంది, లోపలికి పోనిస్తే చలి పాడవుతుందని. గొట్టం చల్లబడనివ్వండి."

బుస్సుమనే చప్పుడు సన్నబడింది. గొట్టం మీద తెల్లగా మంచు పట్టింది. మళ్లీ టక్ మంది. ఈసారి పీపా లోపల గలగలమంది. ఎవరూ కేను వంచలేదు, ఎవరూ బొత్తాం నొక్కలేదు. అంకె పైకి నడిచింది. పెద్దసారు ఎప్పుడొచ్చాడో వచ్చి పొగబాబాయి భుజంమీంచి చూస్తున్నాడు. పై గీత దగ్గరికి రాగానే ఇంకోసారి టక్ మని, గది నిశ్శబ్దమైంది.

"తాగేసింది!" అంది భార్య. "తనంతట తనే తాగేసింది! మూతి కూడా తుడుచుకుంది."

పొగబాబాయి దగ్గరికెళ్లి, మూత కొంచెం ఎత్తి, కర్ర ముంచి, ఊపి చూశాడు. జానెడు. కర్ర పక్కన పెట్టి, ఎందుకో పీపా మూతమీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. ఇన్నాళ్లూ చేసిన పని ఇంకొకరికి వచ్చేసిందంటే మనసు చివుక్కుమంటుందేమో అనుకున్నాడు. చివుక్కుమనలేదు. బరువు దించిన కూలివాడికి భుజం తేలిపోయినట్టు ఉంది, అంతే.

చివరగా మెకానిక్ చలి కొలిచే తీగని పైకి లాగి గది గాల్లో పెట్టింది. పీపా కూత పెట్టింది. పెద్దసారు జేబు మోగింది, ఆ వెంటనే పొగబాబాయి జేబూ మోగింది.

"ఇది ఊరికే నిన్ను పిలవదు కదా?" అంది భార్య అనుమానంగా.

"ఆపదొస్తేనే పిలుస్తుంది పిన్నీ. వస్తే ముందు సారు పరిగెత్తుతారు, ఆయన ఇల్లు దగ్గర కదా. మీ ఆయన కొండమీంచి పరిగెత్తక్కర్లేదు. రోజూ ఒకసారి తెర చూసి కర్ర ముంచడం సారే చేస్తారు, నేను నేర్పుతాను" అంది మెకానిక్.

"నేనా?" అన్నాడు పెద్దసారు.

"మీరే సార్. మూత తియ్యడానికి మీకు భయం లేదు కదా?"

పెద్దసారు కిటికీలోంచి గేటు దగ్గరున్న కాపలా ఆయన వైపు చూసి, మొదటిసారి నవ్వాడు.

మర్నాడంతా సరుకు మార్చారు. పొగబాబాయి ఒక్కొక్క గొట్టాల కట్టనీ పాత కేనులోంచి కొత్త పీపాలోకి పసిబిడ్డని మంచం మార్చినట్టు, గాలి తగలకముందే మార్చాడు. ఆ తెల్లారి ఇద్దరూ బస్సెక్కారు. ఆకాశంలో మబ్బులున్నాయి, చినుకు ఇంకా పడలేదు. ఎదురొచ్చే ప్రతి బస్సునీ భార్య ఓరకంట చూసింది. ఆయన దిగలేదు. మలుపుల దగ్గర మాత్రం ఫోను తీసి చూసుకున్నాడు. ఇంకొంతసేపటికి ఆమె ఆ ఫోను తీసుకుని, చప్పుడు పెంచి, తన సంచిలో వేసుకుంది. "మోగితే నేనే చెబుతా. నువ్వు కొండ చూడు."

అక్క గుమ్మంలోనే కర్ర పట్టుకుని నిలబడి ఉంది. చెల్లెల్ని పక్కకి నెట్టి ముందు ఆయన్నే చూసింది. "నిజంగా మరిదిగారేనా? ఫోటోలో కన్నా లావెక్కారు" అంది.

ఆ రాత్రి వాళ్లు ఏం మాట్లాడుకున్నారో ఆయనకి తెలియదు. తిని పడుకున్నాడు. వేకువనే అలవాటుకొద్దీ లేచి చెప్పుల కోసం తడుముకున్నాడు. భార్య కళ్లు తెరవకుండానే చొక్కా పట్టుకుని లాగింది. మళ్లీ పడుకున్నాడు.

పొద్దెక్కింది. వంటింట్లో గిన్నెల చప్పుడైంది. పాలాయన గంట కొట్టి పోయాడు. పక్కింటి పిల్లలు అరుగుమీద బంతి కొట్టుకుని కొట్లాడుకున్నారు. ఆయన కదల్లేదు. గురక సన్నగా, తీరిగ్గా వస్తోంది.

అక్క గది గుమ్మందాకా వచ్చి తొంగిచూసింది. "ఏమే, మీ ఆయన ఇంత నిద్రపోతాడా?" అంది గుసగుసగా.

"నాకూ ఇప్పుడే తెలిసిందక్కా" అంది చెల్లెలు. లోపలికెళ్లి, ముఖం మీద ఎండ పడకుండా కిటికీ తెర లాగి, మళ్లీ అక్క దగ్గరికొచ్చి కూచుంది.